ఏడు నెలల కాగితం

మా ఊళ్లో చూడి బర్రెకు ఎన్ని నెలలని అడిగితే ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. రెండు నెలలు తగ్గించి చెబుతారు. నిండు నెలలు పైకి చెబితే కండ్లు పడతాయని, దూడ అడ్డం తిరుగుతుందని భయం. వినేవాళ్లకూ ఆ సంగతి తెలుసు కనుక ఏడంటే తొమ్మిదని, ఎనిమిదంటే ఇవాళో రేపో అని మనసులోనే కలుపుకుంటారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ల విషయంలోనూ అంతే. చిన్నప్పుడు నాకిది అబద్ధమని ఎన్నడూ అనిపించలేదు. చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ తెలిసిన మాట అబద్ధమెలా అవుతుంది?

ఆ మాట ఊరు దాటి, ముద్ర వేసిన కాగితం మీదికి ఎక్కితే ఏమవుతుందో కిందటేడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో తెలిసింది.

మాది కోరుట్లకు ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఊరు. బాపు మస్కట్‌లో డ్రైవరు. ఇంట్లో అమ్మ, నేను, రెండు బర్రెలు. మా తాత నేసిన రోజుల్లో మగ్గం ఉన్న గదే ఇప్పుడు కొట్టం. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంతను పూడ్చి దాని మీద కుడితి తొట్టి కట్టారు. డిగ్రీ అయ్యాక నేను జగిత్యాలకు కోచింగ్‌కు వెళ్లేదాన్ని. కోచింగ్ సెంటర్లో కంటే గ్రంథాలయంలోనే ఎక్కువసేపు కూర్చునేదాన్ని. మనుషులతో మాట్లాడటమంటే నాకు గండం. దిగాల్సిన స్టేజీ వచ్చిందని కండక్టర్‌కు చెప్పలేక, తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి నడిచిన రోజులున్నాయి. మాట్లాడని మాటలన్నీ డైరీలో రాసుకునేదాన్ని. పెద్ద బర్రెను పక్క ఊరి దున్నపోతు దగ్గరికి తోలుకుపోయిన రోజు కూడా అందులో రాసి ఉంది. ఆ తేదీ మరెక్కడా లేదు.

అమ్మ మోకాళ్లు అరిగిపోయాయని, ఇక గొంతుకూర్చోవద్దని జగిత్యాల డాక్టరు చెప్పాడు. గొంతుకూర్చోకుండా పాలు పిండడం మా ఇంట్లో ఎవరికీ రాదు. నాకు చిన్న బర్రె ఒక్కటే అలవాటు. పెద్దది నా చెయ్యి తగిలితే పాలు చేపకుండా ఎగబట్టేది. అందుకని దాన్ని సిరిసిల్లలో ఉన్న చిన్నమ్మకు ఇవ్వాలని అమ్మ నిర్ణయించింది. చిన్నమ్మ అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. చిన్నాయిన సాంచాల మీద పని చేస్తాడు. కరెంటు మగ్గాలను సిరిసిల్లలో అలాగే అంటారు. అవి ఒక వారం ఆడితే రెండు వారాలు ఆగుతున్నాయి. ఇంటి వెనక జాగా ఉంది, చిన్నమ్మకు చేతనవును. ఇవ్వడంలో ఎవరికీ పేచీ లేదు. ఎప్పుడు పంపాలన్నదే పేచీ.

ఈనిన బర్రెను వెంటనే కొత్త చోటికి తీసుకుపోతే బెదిరి పాలు చేపదని మా వాళ్ల నమ్మకం. ఎక్కడ ఈనితే ఆ కొట్టాన్నే తన కొట్టం అనుకుంటుందట. కాబట్టి ఈనకముందే సిరిసిల్ల చేరాలి. అమ్మ తొందర అది.

బండిలో తీసుకుపోవాలంటే పశువుల డాక్టరు కాగితం కావాలి. మా మండలానికి కొత్తగా వచ్చిన డాక్టరు చిన్న వయసువాడు, ఓపికగలవాడు. ఆ రోజు ఆస్పత్రి ముందు గాలికుంటు టీకాల కోసం యాభై అరవై పశువులు నిలబడి ఉన్నాయి. ఆయన మా బర్రె చెవికున్న పసుపు బిళ్ల నంబరు ఫోన్లో కొట్టి, టీకాలు చూసుకుని, ఒంటి మీద గడ్డలేమైనా ఉన్నాయేమోనని తడిమి చూశాడు. తర్వాత ఎన్ని నెలలమ్మా అని అడిగాడు.

"ఏడు పడ్డయి సారూ," అంది అమ్మ.

ఆయన బర్రె పొట్ట వైపు చూశాడు. పొట్ట పెద్దగా ఉందే అన్నాడు. అమ్మ నవ్వి, "గిది ఎప్పుడూ గంతే సారూ, తిండిపోతుది," అంది. ఆయన నా వైపు తిరిగి అవునా అన్నట్టు చూశాడు. నా లెక్కలో ఆ రోజుకు తొమ్మిది నెలల ఇరవై రోజులు. నోరు తెరవబోయాను. వెనక వరసలో మా ఊరి వాళ్లున్నారు, పక్కన అమ్మ ఉంది. తల కిందికి వేసుకున్నాను. ఆయన దాన్ని అవునన్నట్టే తీసుకున్నాడు. ఏడంటే తొమ్మిదని ఆయనకు ఎవరు చెబుతారు? ఆయనది మా ప్రాంతం కాదు.

కాగితంతో పాటు ఒక సన్న పుస్తకం కూడా ఇచ్చాడు. అది నేనే తీసుకున్నాను. చేతికి దొరికిన అచ్చు కాగితం చదవకుండా ఉండలేను. బస్టాండులో ఒకసారి, ఇంటికొచ్చాక రెండుసార్లు చదివాను. బండి అడుగున ఇసుకో గడ్డో పరచాలి. ఎక్కించడానికి వాలు బల్ల ఉండాలి, తోక మెలిపెట్టి ఎక్కించకూడదు. తల ఆడించుకునేంత తాడు వదలాలి. పగటిపూటే వెళ్లాలి. నీళ్లు, మేత వెంట ఉండాలి. ఇవన్నీ దాటుకుని వెళితే ఒక వాక్యం: నెలలు నిండిన పశువును బండి ఎక్కించరాదు. ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ వేలు ఆగిపోయేది.

బండి దొరికే దాకా ఆగిన ఆ మూడు రోజులూ నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేచేదాన్ని, లేస్తే కొట్టంలోకి వెళ్లి బర్రె తోక మొదలు చూసి వచ్చేదాన్ని. అమ్మతో అన్నాను, పుస్తకంలో ఇలా ఉందని. పుస్తకం రాసినవాళ్లు ఎన్ని బర్లను ఈనబెట్టిండ్రో అడుగు, అంది అమ్మ. డాక్టరే కాగితం ఇచ్చాక నీకేంది అంది. ఆ కాగితం నాలుగైదు రోజులే చెల్లుతుంది, అదీ ఆమె భయం. డాక్టరుకు ఫోన్ చేద్దామని రెండుసార్లు నంబరు తీశాను. చెప్పాల్సిన మాటలు డైరీలో రాసుకుని, పైకి చదివి చూసుకున్నాను. రాసినంత తేలిగ్గా నోటికి రాలేదు. ఫోన్ పక్కన పెట్టేశాను.

బండెక్కించే రోజు పొద్దున చూస్తే తోక మొదటికి రెండు వైపులా గుంటలు పడ్డాయి. పొదుగు బిగిసి ఉంది. అమ్మను పిలిచి చూపించాను. అమ్మ చేత్తో ఒత్తి చూసి, ఇంకా నాలుగు రోజులుంటుందిలే అని, నుదుట పసుపు రాసింది. పసుపు రాసిన చేత్తోనే ఇంకోసారి పొదుగు తడిమింది.

ట్రాలీ డ్రైవరు కోరుట్ల అంగడికి పశువులు తోలే పెద్దమనిషి. నేను కాకా అని పిలిచాను. బండిలో ఇసుక పోయించుకుని, వాలు బల్ల తెచ్చుకుని వచ్చాడు. ఇప్పుడు దారిలో పోలీసులు ఆపి ఇవన్నీ అడుగుతున్నారని, ఊరికే పోవడం కుదరదని చెప్పాడు. చిన్న బర్రెను పిండి, ఇల్లు చూసుకుని అమ్మ తర్వాతి బస్సుకు వస్తానంది. పశువు వెంట మనిషి ఉండాలి కాబట్టి కాగితం పట్టుకుని ముందు సీట్లో నేను కూర్చున్నాను.

"మెల్లగ పో కాకా," అన్నాను.

"పెండ్లిపిల్లను తీస్కపోయినట్టు పోత బిడ్డా. నువ్వు ఊకె ఎనుకకు సూడకు, మెడ వట్టుకుంటది."

కోరుట్ల దాటాం, కథలాపూర్ దాటాం. గుంత వచ్చినప్పుడల్లా నేను వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. మొదట్లో బర్రె తల ఎత్తి గాలి పీల్చుకుంటూ నిలబడింది. రుద్రంగి దగ్గర నీళ్లు పెట్టాం. మూతి ముంచి తీసేసింది, తాగలేదు. ఆ తర్వాత కాళ్లు మార్చి మార్చి తొక్కడం మొదలుపెట్టింది. తోక పైకి లేచి అలాగే ఆగింది. కాకతో చెప్పాను. బండిలో అన్నీ అలాగే చేస్తాయని అన్నాడు. అయినా వేగం తగ్గించాడు. అప్పుడు అతనికీ అర్థమైందని తెలిసింది.

వేములవాడ ఇంకా కొంత దూరముందనగా రోడ్డు పక్క పోలీసులు పశువుల బండ్లను ఆపి చూస్తున్నారు. ఇద్దరే ఉన్నారు. కాక నా వైపు చూడకుండానే అన్నాడు: "కాయితం సూపి పోదాం. నువ్వేం మాట్లాడకు. ఇగ గంటల సిరిసిల్లల ఉంటం."

మాట్లాడకు అని నాకు చెప్పనక్కర్లేదు. నాకు వచ్చిందే అది.

వయసు మీదపడ్డ కానిస్టేబుల్ కాగితం తీసుకుని చదివాడు. చెవి బిళ్ల నంబరు సరిచూశాడు. అడుగున ఇసుక చూశాడు, తాడు పొడవు చూశాడు, ఒక్కటే బర్రె కదా అన్నాడు. అంతా సరిగ్గా ఉంది. అంత సరిగ్గా ఉండటమే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఆయన కాగితం మడిచి కాక చేతికి ఇవ్వబోతున్నాడు. వెనక బర్రె పడుకోబోయింది. తాడు అడ్డం వచ్చి పడుకోలేక మోకాళ్ల మీద ఒరిగి మళ్లీ లేచింది. దాని వెనక నుంచి సన్నగా తీగలాంటి జిగురు వేలాడుతోంది.

నేను బండి దిగాను. ఎప్పుడు తలుపు తీశానో గుర్తు లేదు. కాళ్ల కింద కంకర గుర్తుంది.

"ఆ కాయితం తప్పు సార్," అన్నాను. "ఏడు గాదు. తొమ్మిది దాటి పది పడ్డయి. మా అమ్మ దిష్టికని తగ్గిచ్చి చెప్పింది. డాక్టర్ సారుకు ఎర్క లేదు. నాకు ఎర్కనే, నేను చెప్పలే. ఇప్పుడు నొప్పులు వడుతుంది."

గొంతు చాలా పెద్దగా వచ్చింది. వెనక ఆగిన బండి వాళ్లు కూడా దిగి చూశారు. కాక తల పట్టుకున్నాడు. కానిస్టేబుల్ కాగితాన్ని, నన్ను, బర్రెను ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. అరుస్తాడనుకున్నాను.

"మా అవ్వ గూడ గట్లనే చెప్తుండె," అన్నాడు. "నా పెండ్లాం నీళ్లాడి బిడ్డ చేతులవడే దాక ఆరో నెలే అన్నది."

తర్వాత కాక వైపు తిరిగి, కాగితం సంగతి తర్వాత చూద్దామని, ముందు బర్రెను ఆస్పత్రికి చేర్చమని చెప్పాడు. దాటి వచ్చిన ఊళ్లోనే పశువుల ఆస్పత్రి ఉందట. ఫోన్ చేసి అక్కడి డాక్టరమ్మను ఉండమన్నాడు. బండిని వెనక్కి తిప్పి, నడిచే మనిషి వేగంతో తీసుకుపోయాం. కానిస్టేబుల్ బైకు మీద వెంట వచ్చాడు. నేను బండి ఎక్కలేదు. దాని వెనకే నడిచాను. బర్రె తల తిప్పి నన్ను చూస్తూనే ఉంది.

వాలు బల్ల మీద నుంచి అది తనంతట తానే దిగి, వేపచెట్టు కింద పడుకుంది. డాక్టరమ్మ భుజం దాకా చెయ్యి పెట్టి చూసి, ముందు కాలు ఒకటి వెనక్కి మడిచి ఉందని చెప్పింది. ఆ కాలు సరిచేయడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నన్ను తల దగ్గర కూర్చోమంది. పట్టుకోవడానికి కాదు, కనబడుతూ ఉండటానికి. బర్రె ఊపిరి నా చీర మీద వేడిగా తగులుతోంది. కాక, కానిస్టేబుల్ ఇద్దరూ చొక్కాలు విప్పి, దూడ కాళ్లకు కట్టిన తాడు లాగారు. దూడ బయటికి వచ్చింది. ఆడదూడ. కదలలేదు. డాక్టరమ్మ ముక్కులోని జిగురు తీసి, గడ్డితో రుద్దింది. అప్పుడు తుమ్మింది.

చేతులు కడుక్కుంటూ ఆమె అన్నది, బండి మరో గంట ఊగి ఉంటే తల్లీ పిల్లా ఇద్దరూ దక్కేవి కావని. అభినందిస్తున్నట్టు అనలేదు. ఇంత దూరం ఎట్లా తెచ్చారని అడిగింది. ఆ ప్రశ్న నాకే. జవాబు నా దగ్గర ఉంది కానీ అది నాలుగు రోజుల కిందట చెప్పాల్సినది.

ఆ ఊళ్లోనే దిగమని కాక ఫోన్ చేశాడు. అమ్మ బస్సు దిగి వచ్చేసరికి బర్రె దూడను నాకుతోంది. ఏం జరిగిందో నాకంటే ముందు కాక చెప్పేశాడు, నేనన్న మాటల్ని ఒక్కటీ వదలకుండా, నా గొంతుతో సహా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. దూడ మాత్రం లేవడం లేదు. వెనక కాళ్లు కూడదీసుకుని పడిపోతోంది. అమ్మ దాన్ని చూసి, తర్వాత నన్ను చూసింది.

"నడి రోడ్డు మీద, పోలీసోళ్ల ముందట, నెల్లు లెక్కవెట్టి చెప్పినవా బిడ్డా? ఇంట్లనైతే నోట్ల నాలుక లేనట్టే ఉంటవు."

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

కానిస్టేబుల్ సాయంత్రం వచ్చి, మా మండల డాక్టరుతో ఫోన్లో మాట్లాడాడు. ఆ ఫోన్ నాకూ ఇచ్చాడు. నేను ఆయనకు జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆయన, ఇకమీదట ఏ ఊళ్లో ఎంత కలుపుకోవాలో ముందే అడిగి తెలుసుకుంటానన్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు. పాత కాగితం మీద అడ్డంగా గీత గీయించారు. దూడ బొడ్డు ఎండి, కదిలే బండిలో నిలబడగలిగినప్పుడే కొత్త కాగితం ఇస్తానని డాక్టరమ్మ చెప్పింది.

అలా మేం ఆ ఊళ్లో ఉండిపోయాం. ఆస్పత్రి వెనక రేకుల షెడ్డులో బర్రె. ఎదురింటి ముసలామె మాకు వసారాలో చోటిచ్చింది. సిరిసిల్ల నుంచి చిన్నమ్మ వచ్చింది. చిన్న బర్రెను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, మొదటి రెండు రోజులు అమ్మ కూడా ఉంది. మోకాళ్లు ముడవకూడదన్న మనిషి ఇటుక మీద కూర్చుని ముర్రుపాలు పిండి దూడ నోట్లో పోసింది. దూడ గుటకలు వేసేది కానీ లేచేది కాదు. ప్రతి గంటకూ వెళ్లి చూసేదాన్ని. అమ్మ కూడా వెళ్లేది. ఇద్దరం ఎదురుపడితే ఒకరికొకరం దారి ఇచ్చుకునేవాళ్లం.

ఒక సంగతి డైరీలో కూడా వెంటనే రాయలేదు. ఆ రెండు రోజుల్లో నేనూ భయపడ్డాను. అంతమంది ముందు తొమ్మిది దాటి పది అని అరిచినందుకే దూడకు ఇలా అయిందేమోనని. కాలు మడతపడటం నేను మాట్లాడకముందే జరిగిందని తెలుసు. డాక్టరమ్మే చెప్పింది. తెలిసినా షెడ్డులోకి వెళ్లే ముందు దూడను నేరుగా చూడకుండా ఒక్క క్షణం పక్కకు చూసేదాన్ని. నా కండ్లే పడతాయేమోనని.

మూడో రోజు పొద్దున అమ్మ చిన్న బర్రె కోసం ఊరికి బయలుదేరింది. ఆమె బస్సు ఎక్కిన కాసేపటికే దూడ లేచింది. తూలుతూ తల్లి పొదుగు కాకుండా ముందు కాళ్ల మధ్య వెతికింది. చిన్నమ్మ చేత్తో దారి చూపింది. నేను అమ్మకు ఫోన్ చేశాను. లేచింది అన్నాను. అటు వైపు బస్సు చప్పుడు.

"పాలు కుడిసిందా?" అని అడిగింది.

"కుడుస్తుంది."

పెట్టేసింది. అయినా రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ వచ్చేది. నా గురించి కాదు, దూడ గురించి. నేను చెప్పేదాన్ని. ఎంత తాగింది, ఎంతసేపు నిలబడింది, పేడ ఎలా వేసింది. ఫోన్లో అన్ని మాటలు నేను అదివరకు ఎవరితోనూ మాట్లాడలేదు. చిన్నమ్మ చేతికి బర్రె మెల్లగా అలవాటు పడింది. ఈ రేకుల షెడ్డు తన కొట్టం అనుకుంటే సిరిసిల్లలో మళ్లీ బెదురుతుందేమోనని చిన్నమ్మ దిగులు పడేది.

రెండు వారాలు గడిచాక డాక్టరమ్మ దూడ బొడ్డు చూసి, ఇక పోవచ్చంది. అమ్మ పొద్దుటి బస్సుకే వచ్చింది. కాక బండిలో ఇసుక మార్చి, దూడ తల్లి కాళ్ల కింద పడకుండా మధ్యలో చెక్క అడ్డం కట్టించాడు. ఒకదానికొకటి కనబడేంత సందు వదిలాడు. ఆస్పత్రి గదిలో డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అమ్మ, చిన్నమ్మ, నేను.

బర్రె ఎన్నో ఈత, ఏ రోజు ఈనింది, మావి ఎప్పుడు పడింది, దూడకు ఎన్ని రోజులు, రోజుకు ఎన్నిసార్లు కుడుస్తోంది, ఎన్ని పాలిస్తోంది అని ఆ కాగితంలో వరసగా అడిగి ఉంది. డాక్టరమ్మ మొదటిది చదవగానే అమ్మ పెదవులు కదిలాయి. ఏదో ఒకటి తగ్గించి చెప్పబోయిందని నాకు తెలుసు. పాలెన్ని అన్న మాట ఇంకా కష్టం. అది ఎవరికీ చెప్పరు. అమ్మ ఆగింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, గది బయటికి నడిచి, గేటు అవతల రోడ్డు వైపు తిరిగి నిలబడింది. మా మాటలు వినబడనంత దూరంలో.

డాక్టరమ్మ ఆమె వెళ్లిన వైపు చూసి, నన్ను చూసింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. రోజులు, పాలు, దూడ రెండు రోజులు లేవకపోవడం, ఇప్పటికీ ఎడమ వెనక కాలు కొంచెం ఈడుస్తుండటం. ఆమె రాస్తూ మధ్యలో ఆపి మళ్లీ అడిగినప్పుడు కూడా అదే లెక్క చెప్పాను. ముద్ర పడింది. కాగితం తడి ఆరే దాకా గాలికి ఊపుతూ బయటికి వచ్చాను.

అమ్మ ఇంకా రోడ్డు వైపే చూస్తోంది.

"చెప్పుడయిందా?" అంది, వెనక్కి తిరగకుండా.

"అయింది."

"అన్ని చెప్పినవా?"

"అన్ని."

అమ్మ బండి దగ్గరికి నడిచి, చెక్క సందులోంచి చెయ్యి పెట్టి దూడ నుదురు నిమిరింది.

"అయితే ఎక్కు," అంది. "ఎండ గాకముందే పోవాలె."

ఈసారి ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం, వెనక అద్దం వైపు మెడలు తిప్పుకుని.